ఉట్టి మీద ఎద్దు నీడ

నాకు నలభై ఏళ్లు దాటిన ఏడాది, పత్తికొండలో మా అన్న కూతురు చింతచెట్టు మీద నుంచి పడి కాలు విరగ్గొట్టుకుంది. వెదురు దబ్బలు కట్టి మూడు నెలలు కదలొద్దన్నారు. బడి ఆగిపోయింది. వదినే ఇంట్లో చదువు చెప్పడానికి కూర్చుంది. నెల తిరిగేసరికి పిల్ల పలక ముట్టడం మానింది, వదిన మాట్లాడటం మానింది. ఇద్దరూ చెరో గోడా చూస్తూ కూర్చునేవాళ్లు.

అన్న నన్ను పిలిపించాడు. అబద్ధాలు చెప్పడంలో నాకు ఆ చుట్టుపక్కల పేరుంది. అయినా మొదటిరోజు తప్పు చేశాను, బడిలో పిల్ల జతగాళ్లు ఏం చేస్తున్నారో ఉన్నదున్నట్టు చెప్పాను. పిల్ల ఏడ్చింది. మర్నాడు నా దారికి నేను వచ్చాను.

"ఎద్దును తోలుకోని రాయచోటికి పోయింటి పాపా. ఆడ ఎండకు మన ఎద్దు నీడ కరిగి కారిపోయింది. ఇప్పుడు దానికి నీడే లేదు."

పిల్ల గోడ వైపే చూస్తూ, "అబద్ధం చెప్తాండావు చిన్నాయనా" అంది.

జొన్నలు చెరుగుతున్న వదిన తలెత్తలేదు. "అబద్ధం కాదులే. కారిన నీడను చెంబులో పట్టుకొచ్చినాడు. నేనే ఉట్టి మీద పెట్టినా. మీ నాయన మధ్యాన్నం దాన్నే పరుచుకుని పండుకుంటాండాడు."

వదిన నోట అబద్ధం వినడం మా ఇంట్లో అదే మొదలు. పిల్ల ఉట్టిని చూసి, తల్లి ముఖం చూసి నవ్వింది.

"పలకియ్యి చిన్నాయనా. రాసిపెట్టి నాయనకు చదివి వినిపియ్యాల."

రాసింది. పైన 'అమ్మ చెప్పిన కథ' అని పెట్టింది. నీడ కరిగించింది నేను కదా అన్నాను.

"నువ్వు సగమే చెప్తివి గదప్పా" అంది వదిన. "రేపు గూడా సగమే చెప్పు."