గోనెసంచిలో టర్బో, విజయనగరం దాకా

మా అక్క భర్తకు ఒక పాత లారీ ఉంది. అది నల్లపొగ కక్కడం మొదలుపెట్టి పది రోజులైంది. మిట్ట ఎక్కేటప్పుడు ఈల వేసినట్టు కూత, ఆ వెంటనే నీరసం. ఆమదాలవలస మెకానిక్ టర్బో విప్పి చూసి, ఇరుసు ఊగిపోతోందన్నాడు. విజయనగరంలో టర్బోలు మాత్రమే బాగుచేసే మేస్త్రీ ఒకాయన ఉన్నాడని, అక్కడికి తీసుకెళ్లమని చెప్పాడు.

టర్బో అంటే తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. ఇంజన్ వదిలే పొగ ఒక చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకు రెండో కొసనున్న చక్రం గాలిని ఇంజన్లోకి తోస్తుంది. ఇదంతా శ్రీకాకుళం గ్రంథాలయంలో చదివి నేర్చుకున్నదే. నా బడి చదువు పదో తరగతితో ఆగింది. మిగతాదంతా ఆ బీరువాల్లోంచి తెచ్చుకున్నాను. వేడి మీదున్న ఇంజన్ని టక్కున ఆపేస్తే టర్బో బేరింగులో నూనె మాడిపోతుందని కూడా ఆ పుస్తకంలో ఉంది. ఆ మాట బావకు చెప్పాను.

బావ ఆ సాయంత్రమే డ్రైవర్ సింహాచలం దగ్గర తాళం తీసేసుకున్నాడు. పదకొండేళ్లుగా ఆ లారీ నడుపుతున్న మనిషి. "రెండు నిమిషాలు ఆగకుండా ఏనాడూ ఇంజను ఆపనేదు బాబూ" అన్నాడు నాతో. మేమిద్దరం వినలేదు. సోమవారం నుంచి రమ్మని బావ వేరే డ్రైవరుకి చెప్పేశాడు.

శనివారం పొద్దున్న ఏడుంబావుకు బావా నేనూ శ్రీకాకుళం రోడ్ స్టేషన్లో పాసింజరు ఎక్కాం. గోనెసంచిలో టర్బో నా ఒళ్లో ఉంది. కొత్తవి కొనేటప్పుడు కొలతకు పనికొస్తాయని పాత ఎయిర్ ఫిల్టరు, పగిలిన రబ్బరు గొట్టం ఇంకో సంచిలో వేసుకున్నాం. పొందూరులో ఎక్కిన ముసలమ్మ ఒకావిడ నా సంచి చూసి, "ఏటి నాయినా అది, పనసకాయా?" అంది. లారీ సామానని చెబితే ఒకసారి తడిమి, "ఇంత బరువుంది, దీనికీ టికెట్టు తీసినారా?" అని అడిగింది. పది రోజుల్లో బావ నవ్వడం అదే మొదలు.

తొమ్మిదింటికి విజయనగరంలో దిగాం. స్టేషన్ బయట ఇడ్లీ తిన్నాం. అల్లం చట్నీ మళ్లీ అడిగి వేయించుకున్నాం. అక్కడి నుంచి ఆటోలో పావుగంట. మేస్త్రీకి అరవై దాటి ఉంటాయి. బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, దాని మీదే టర్బో విప్పాడు. విప్పుతున్నంతసేపూ నా పుస్తకం సంగతి చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, బేరింగు తుడిచి నా అరచేతిలో పెట్టాడు.

"నూనె మాడితే ఇది నల్లగానో నీలంగానో అవుతాది. సూడండి, రంగు మారనేదు. మీ డ్రైవరు తప్పేటి నేదు."

తర్వాత గాలి వైపు చక్రం చూపించాడు. రెక్కల అంచులు ఎలుకలు కొరికినట్టున్నాయి. దుమ్ము తిని, తూకం తప్పి, ఇరుసుని ఊపేసిందట. దుమ్ము ఏ దారిన వెళ్లిందో చూద్దామని రెండో సంచి విప్పించాడు. ఫిల్టరు కాగితం ముడుచుకుపోయి ఉంది. అంచుల్లో జిగురు ఊడి, గోరు దూరేంత సందులు. పైన రేకు మూత మీద కుంకుమ బొట్టు ఇంకా చెరగలేదు.

"ఆయుధపూజకి కడిగినారా?" అన్నాడు. ఆయన గొంతులో కోపమేమీ లేదు. దసరా వెళ్లాక ఏటా ఇలాంటివి వస్తూనే ఉంటాయట.

కడిగింది నేనే. ఫిల్టరు ఇంజన్‌కి ఊపిరితిత్తుల్లాంటిదని, శుభ్రంగా ఉంచాలని చదివాను. పండగనాడు సబ్బునీళ్లతో కడిగి, ఎండలో ఆరబెట్టి, పసుపు రాసి బొట్టు పెట్టాను. దానికి నీళ్లు తగలనివ్వకూడదని రాసిన పేజీ దాకా వెళ్లలేదు. ఆ తర్వాత రెండు నెలలు లారీ భోగాపురం విమానాశ్రయం పనులకు ఎర్రమట్టి తోలింది.

బావ ఫిల్టర్ని సంచిలోకి విసిరేశాడు. "ఫోను తియ్యి. నువ్వే సెప్పు" అన్నాడు.

సింహాచలానికి అంతా చెప్పాను, బొట్టుతో సహా. తప్పు నాదేనన్నాను. ఆయన "సరే బాబూ" అని పెట్టేశాడు. అంతకుముందే పలాసలో ఎవరో ఆయన్ని తమ లారీకి రమ్మంటున్నారని విన్నాం. ఇక వస్తాడో రాడో తెలియలేదు.

కొత్త చక్రం, బేరింగులు, నూనె కారకుండా ఆపే సీళ్లు వేయడానికి మధ్యాహ్నం రెండయింది. మేస్త్రీ ఇరుసును యంత్రం మీద తిప్పి, తూకం చూసి, చిటికెడు లోహం గీకి మళ్లీ తిప్పాడు. అలా నాలుగుసార్లు. నేను పక్క నుంచి కదల్లేదు. ఆ పని చూడటానికైనా ఒకసారి వెళ్లొచ్చు. వెళ్లేవాళ్లు పాత ఫిల్టర్ని మాత్రం మరిచిపోకండి. ఈలోగా బావ కొత్త ఫిల్టరు, గొట్టం, క్లిప్పులు కొనుక్కొచ్చాడు. హోటల్లో భోజనానికి కూర్చున్నాం గానీ, బావ సగం అన్నం విస్తట్లోనే వదిలేశాడు.

మూడున్నరకు తిరుగు పాసింజరు. చీపురుపల్లి దాటాక బావ ఆ కొత్త డ్రైవరుకి ఫోన్ చేసి రావద్దన్నాడు. సింహాచలం రాకపోతే ఎలాగని అడిగాను. "అప్పుడు లారీ అలాగే ఉంటాది" అని కిటికీ వైపు తిరిగిపోయాడు.

ఐదున్నరకు దిగి ఆటోలో మెకానిక్ షెడ్డుకి వెళ్లేసరికి, లారీ కింద నుంచి రెండు కాళ్లు బయటికి కనిపిస్తున్నాయి. సింహాచలం గాలి గొట్టాలన్నీ విప్పి వరసగా పరిచాడు. విరిగిన రెక్కల ముక్కలు ఎక్కడైనా మిగిలి ఉంటే కొత్త చక్రాన్నీ తినేస్తాయట. లేచి వచ్చి నా చేతిలోంచి టర్బో అందుకున్నాడు. నూనె రంధ్రం మూత తీసి, కాస్త నూనె పోసి, వేలితో మెల్లగా తిప్పాడు. పొడిగా స్టార్టు చేయకూడదన్న పేజీ నేనూ చదివాను. ఈసారి నోరెత్తలేదు.

బావ జేబులోంచి తాళం తీసి బంపరు మీద పెట్టాడు. తప్పయిందని పైకి అనడం మా బావకు చేతకాదు. సింహాచలం చెయ్యి తుడుచుకుని దాన్ని తీసుకున్నాడు. తర్వాత నాకు గొట్టాలు చూపించాడు.

"అన్నీ డీజిలు గుడ్డతో తుడిచీసినాను బాబూ. మీరొస్తే నీళ్లు పట్టుకొస్తారని తొందరగా కానిచ్చీసినాను."