నాన్న పట్టుకున్న మూడో గేరు

మా నాన్న కారుకి ఇంజిన్ మార్చాలని తమ్ముడు అన్నప్పుడు ఎవరం అడ్డు చెప్పలేదు. పాత ఇంజిన్ నుంచి పొగ తప్ప ఇంకేమీ రావడం లేదు. తుక్కుకి పోయిన ఒక జీపు నుంచి డీజిల్ ఇంజిన్ దొరికింది. చిక్కంతా గేర్ బాక్సు దగ్గర వచ్చింది.

ఆ ఇంజిన్‌తో పాటు దాని గేర్ బాక్సూ వచ్చింది. దాని గేరు కర్ర కింద నుంచి లేస్తుంది. అది బిగించాలంటే కారు అడుగు రేకు కోయాలి, ముందున్న బెంచీ సీటు తీసేసి రెండు విడి సీట్లు వేయాలి. వద్దనుకుంటే మధ్యలో ఒక ఇనుప ప్లేటు చేయించి, కొత్త ఇంజిన్‌కి నాన్న గేర్ బాక్సునే తగిలించవచ్చు. అప్పుడు స్టీరింగు పక్కనున్న గేరు కర్ర అలాగే ఉంటుంది. అమ్మ ఇదే చేయమంది. తమ్ముడు అమ్మ వైపే ఉన్నాడు.

ఆమదాలవలసలో షెడ్డు నడిపే మెకానిక్ తమ్ముడి మాట విని నవ్వాడు.

"కుర్రెద్దుకి ముసిలెద్దుని జత కడతానంటన్నావు బావా. ఆ లాగుడికి ఈ గేరు పళ్లు ఎన్నాళ్లుంటాయో నాను సెప్పలేను."

"అదేదో మా యమ్మకి నువ్వే సెప్పు బావా," అన్నాడు తమ్ముడు.

"మీ యమ్మకా? అయితే ముసిలెద్దుకే కట్టేత్తాన్లే."

నాన్న ఆ కారుని స్టేషన్ నుంచి శ్రీకాకుళం, అరసవల్లి వైపు అద్దెకి తిప్పేవాడు. నాకు ఊహ తెలిసేటప్పటికే మూడో గేరు జారేది. యాక్సిలరేటర్ మీద కాలు సడలిస్తే చాలు, కర్ర టక్కున న్యూట్రల్‌లోకి పడిపోయేది. బాక్సు విప్పించి బాగు చేయిస్తే కొన్నాళ్లు ఆగి మళ్లీ మొదలయ్యేది. చివరికి విప్పించడం మానేసి చేత్తో పట్టుకోవడం అలవాటు చేసుకున్నాడు. చెయ్యి ఖాళీ లేనప్పుడు ముందు సీట్లో మధ్యన కూర్చున్నవాళ్లని పట్టుకోమనేవాడు. కొత్తవాళ్లు కంగారుపడేవారు. రోజూ ఎక్కేవాళ్లు కబుర్లు చెప్పుకుంటూనే పట్టుకునేవారు. బడి లేని రోజున ఆ మధ్య చోటు నాది. "గట్టిగా అట్టుకోయే, వగ్గీకు," అనేవాడు నాన్న. అరచేతిలో కర్ర వణుకుతూ సన్నగా మూలిగేది. అది మా కాళ్ల కింద నుంచి వస్తున్న చప్పుడని తెలిసినా, నా చేతిలోంచే వస్తున్నట్టు ఉండేది.

నా పెళ్లయిన మరుసటి ఏడు, ఒక మధ్యాహ్నం, పాతపట్నంలో మనుషుల్ని దించి ఒంటరిగా తిరిగి వస్తూ నాన్న పోయాడు. గుండె ఆగిపోయింది. కారు రోడ్డు దిగి, గుంజుకుంటూ వెళ్లి, ఒక చేనుగట్టుకి ఆనుకుని ఆగింది. కాస్త ఎదర బస్సు కోసం జనం నిలబడి ఉన్నారట. వాళ్లలో ఒకామె మా ఇంటికి వచ్చి అమ్మ చేతులు పట్టుకుంది. "గేరులో ఉండబట్టి ఆగిపోనాదమ్మా. లేపోతే మా మీదికొచ్చేసును," అంది.

ఎప్పుడూ జారే గేరు ఆ ఒక్కరోజు జారలేదు. పోతూ పోతూ ఎవరి ఉసురూ తగలకుండా నాన్నని ఆ గేరే కాపాడిందని అమ్మ నమ్మింది. ఆయుధపూజ నాడు మా ఇంట్లో మొదటి బొట్టు గేరు కర్రకే.

ఆ రోజు వచ్చినామె వెళ్తూ వెళ్తూ ఇంకో మాట కూడా చెప్పింది. నాన్న వేళ్లు ఆ కర్ర మీద నుంచి విడదీయడానికి ఇద్దరు మగవాళ్లు కావలసి వచ్చిందట. అమ్మ అప్పటికి లోపలికి వెళ్లిపోయిందనుకున్నాను. ఆ మాట నేనొక్కదాన్నే మోస్తున్నాననుకున్నాను.

ఇంజిన్ మార్చడానికి ముందు, ఈ వేసవిలో, విజయనగరం నుంచి మేము వస్తే తమ్ముడు ఆ కారులోనే స్టేషన్‌కి వచ్చాడు. నాలుగేళ్ల మా పాప ముందు సీట్లో మధ్యన, నేను కిటికీ వైపు కూర్చున్నాం. ఊరు దాటగానే కర్ర వణకడం మొదలైంది. పాప రెండు చేతులతో దాన్ని పట్టుకుంది.

"ఎవరు పట్టుకోమన్నారమ్మా?" అన్నాను.

"వణుకుతోంది కదా," అంది, రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండా.

తమ్ముడు మురిసిపోయాడు. "సూసినావా అక్కా, ఈ గుంటకి ఎవులూ నేర్పలేదు."

ఇంటి ముందు కారు ఆగినా పాప వదల్లేదు. గోళ్లు తెల్లబడిపోయాయి. ఆ వేళ్లు ఒక్కొక్కటే నేనే విడదీశాను.

ఆ రోజు నుంచి పాప నిద్రపోయాక దాని గుప్పిళ్లు తెరిచి చూస్తున్నాను. ఇది రాయడానికి కూర్చునే ముందు కూడా చూశాను.

గేర్ బాక్సు మాట ఇంకా తేలని రోజుల్లో, అమ్మ వాకిట్లో చింతపండు పిక్కలు తీస్తుంటే వెళ్లి పక్కన కూర్చుని, కొత్త గేర్ బాక్సే బిగించమందామన్నాను.

"ఏటే, పానం పోయినా మీ నాన్న సెయ్యి వగ్గనిదది. దాన్ని తుక్కులో పారీమంటావా?"

అంటే ఆ మాట అమ్మ కూడా వింది.

"పాప పట్టుకుంటందమ్మా."

"సిన్నప్పుడు నువ్వు పట్టుకోనేదా? ఏటైపోనావు?"

"ఇంకా పట్టుకునే ఉన్నానమ్మా. బస్సులో కూకున్నా నా సెయ్యి ముడుసుకుపోతాది. దానికొద్దు."

అమ్మ నా చేతి వైపు చూసింది. ఒళ్లో ఉన్న కుడిచెయ్యి అప్పటికే ముడుచుకుని ఉంది. "సదువుకున్న దానివి, నీకేటే బయం," అంది గానీ గొంతులో తిట్టు లేదు.

సాయంత్రం తమ్ముడితో తనే చెప్పింది. "మీ యక్క సెప్పిందే బిగించీరా. పాతది ఇంటికి తే. తుక్కోడికిచ్చినావంటే నీ సేతి కూడు నాను తిన్ను."

ఇప్పుడు కారు కొత్త గేర్ బాక్సుతో మెత్తగా నడుస్తోంది. బెంచీ సీటు పోయింది కాబట్టి పాపని నా పక్కన వెనక సీట్లో కూర్చోబెట్టుకుంటున్నాను. మొదటి రోజు తన చోటు ఏదని ఏడ్చింది. తర్వాత మరిచిపోయింది.

పాత గేర్ బాక్సు, దాని కర్రతో సహా, అమ్మ పెరట్లో ఇటుకల మీద ఉంది. తుప్పు పట్టకుండా నూనె రాయమని తమ్ముడు చెప్పాడట. మొన్న ఆదివారం మేము వెళ్లేసరికి అమ్మ దాని ముందు కూర్చుని గుడ్డతో తుడుస్తోంది. తర్వాత మాతో పాటు అరుగు మీదకి వచ్చి కూర్చుంది. మేం మాటల్లో ఉండగా పాప చెయ్యి చాపుకుంటూ దాని వైపు నడిచింది.

నేను లేచేలోపే అమ్మ లేచింది. మోకాళ్ల నొప్పులతో గోడ పట్టుకుని లేచే మనిషి. నూనె చేత్తోనే పాప మణికట్టు పట్టుకుని వెనక్కి లాగింది.

"ముట్టుకోకే అమ్మా," అంది. "అది తాతది."