తెల్లబడ్డ వాగు, సత్తెమ్మ పాలు

కోదాడ దగ్గర ఒక వాగు పాలలా పారుతోందని, అక్కడ మొక్కుకుంటే పనులవుతున్నాయని మిర్యాలగూడలో ఉండే మా ఆడబిడ్డ వాట్సాప్‌లో వీడియో పెట్టింది. ఇంక మా ఆయనకు కాలు నిలవలేదు. ఇంట్లో నల్లా కారుతోందని ఎన్నాళ్లు మొత్తుకున్నా కదలని మనిషి, తెల్లారేసరికి పట్టుపంచె కట్టి, కొబ్బరికాయ సంచితో గుమ్మంలో నిలబడ్డాడు. "అది క్వారీ బురదట, పేపర్లో వేశారు" అన్నాను. "నీకన్నీ అనుమానాలే" అన్నాడు. సరే నడువు, చూద్దాం అని నేనూ చెప్పులేసుకున్నాను.

సూర్యాపేటలో ఏడింటికి కోదాడ ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. ఆడవాళ్లకు ఉచితం కాబట్టి ఆధార్ చూపించాను, నాకు జీరో టికెట్. డబ్బు పెట్టి టికెట్ కొన్నది ఆయనొక్కడే, ఆ ఉడుకు మునగాల దాటినా తగ్గలేదు. గంటలో కోదాడలో దిగి, బస్టాండు ఎదుట ఇడ్లీ తిని, అనంతగిరి వైపు ఆటో మాట్లాడుకున్నాం. రానూపోనూ నాలుగొందలు. "పూజకా, ఫొటోలకా అక్కా?" అని అడిగాడు డ్రైవరు. రేటు తేడానా అన్నాను. "రేటు ఒకటేనండి. ఫొటోలోళ్లయితే కాళ్లు కడుక్కున్నాకే ఎక్కించుకుంటా. ఆ బురద ఎండిందంటే సీటు వదలదు."

వాగు తెల్లగానే ఉంది, గోడలకు సున్నం కలిపిన బకెట్‌లాగా. పైనున్న క్వారీ వాళ్లు రాతిబురద నీళ్లు నిలబెట్టుకునే కట్ట వానలకు తెగి, అదంతా ఇటు దిగిందట. ఒడ్డున వరిమళ్ల మీద తెల్లటి పెచ్చు కట్టింది. చచ్చిన చేపల వాసన. ఆ వాసనలోనే ఒక కొత్త జంట ఫొటోలు దిగుతోంది. పెళ్లికొడుకు కాలు మోకాలి దాకా కూరుకుపోతే, ఫొటోగ్రాఫరు "సార్, నవ్వండి సార్" అంటున్నాడు. ఆ పక్కనే పసుపూ కుంకుమా చల్లి, పదిమంది చెంబులతో వాగులో పాలు పోస్తున్నారు.

ఆ పాలు అమ్ముతున్నది సత్తెమ్మ. ఒడ్డునే రేకుల కొట్టం, నాలుగు బర్రెలు. రోజూ కోదాడలో ఇళ్లకు పాలు పోసేదట. కట్ట తెగిన నాటి నుంచి బర్రెలకు బోరు నీళ్లే పెడుతున్నా, వాగు నీళ్లు కలుపుతోందని వాడుకదార్లంతా మానేశారు. "పాలు తెల్లగుంటే గూడ అనుమానమేనట చెల్లే! ఇగ కొనేటోళ్లు ఈ మొక్కులోళ్లే. ఏం జేస్త, బర్రెలకు గడ్డి గావాలె గదా" అంది. మా ఆయన రెండు లీటర్లు కొని, భక్తిగా కళ్లు మూసుకుని వాగులోకి వంగాడు.

సరిగ్గా అప్పుడే నీళ్లు పరీక్షకు పట్టుకెళ్లే ఆఫీసరు జీపు వచ్చింది. సత్తెమ్మ ఒక్క ఉరుకున వచ్చి మా ఆయన చేతిలో చెంబు లాక్కుంది.

"పొయ్యకు సారూ! పాలు గలిసిన నీళ్లు వట్కపోతే, క్వారీ తప్పేం లేదు, తెలుపంత మొక్కులోళ్ల పాలదేనని రాస్తరు. ఇగ వాగు బాగుచేసేటోడు ఎవడు?"

"మొక్కుకున్నానమ్మా..." అని నసిగాడు మా ఆయన.

"ఎవరికి మొక్కినవ్? గంగమ్మకా, క్వారీకా?"

వెనక్కి అడుగేయబోయి ఆయన బురదలో కూర్చున్నాడు. పట్టుపంచె కాస్తా సున్నం పంచె అయింది. అయ్యో అనబోయాను గానీ నవ్వొచ్చేసింది. సత్తెమ్మ మాత్రం నవ్వలేదు. అందరి చెంబులూ క్యాన్లోకి ఒంపుకుని, ఎవరి డబ్బులు వాళ్లకిచ్చేసింది. "నాలుగు పైసలొస్తున్నయని ఇన్నొద్దులు నోరు మూసుకున్న. ఇగ జాలు" అంది. ఆ పొద్దు ఆమెకున్న బేరం అంతా అదే. ఆఫీసరును కట్ట తెగిన చోటికే నడిపించుకుపోయి, అక్కడ సీసాలు నింపించింది.

తిరిగొచ్చాక అందరికీ టీ పెట్టింది. ఆఫీసరు గ్లాసు పట్టుకుని లోపలికి తొంగిచూశాడు. "పాలు... మంచివేనా?"

"నువ్వు గూడ అడుగుతున్నవా సారూ? అయితే నా పాలు గూడ ఒక సీసాల వట్కపో. మంచియని చిట్టి రాసియ్యి."

"పాలు మా డిపార్ట్‌మెంటు కాదమ్మా."

"వాగు నీదే గదా! ఆ వాగు తెల్లగైనంక నా పాలు తెల్లగున్నయని నమ్మేటోడు లేడు. గది ఎవరి డిపార్ట్‌మెంటు?"

ఆఫీసరు టీ మొత్తం తాగాడు.

మధ్యాహ్నం బస్సుకు తిరిగొచ్చాం. దారంతా నాకు ఒళ్లు మండుతూనే ఉంది. కట్ట తెగింది ఎవరిదో, బేరం పోయింది ఆమెది. నీళ్ల రిపోర్టు ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు, బర్రెలకేమో రోజూ రెండు పూటలా గడ్డి కావాలి. మా ఆయన పంచె సంగతి ఎత్తకుండా, మళ్లీ ఆ రెండు లీటర్లకూ డబ్బిచ్చి కొన్న పాలను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. మర్నాడు పెరుగు గడ్డలా తోడుకుంది. మా ఆడబిడ్డకు ఆ పెరుగు ఫొటో పంపాను.

వెళ్లేవాళ్లకు ఒక్క మాట: మూత బిగుతుగా ఉండే క్యాన్ వెంట పట్టుకెళ్లండి. సత్తెమ్మ దగ్గర పాలు కొని, ఇంటికి తెచ్చుకుని తాగండి.