స్టేషన్ బయట గాజు గ్లాసులు

మాట్లాడే బొమ్మను చంకలో పెట్టుకుని ఊళ్లు తిరగడం నా బతుకుతెరువు. పెదవులు కదపకుండా గొంతు మార్చి మాట్లాడతాను. చూసేవాళ్లకు బొమ్మే మాట్లాడినట్టుంటుంది. కుర్రతనంలో పుట్టినరోజులకూ, స్కూలు వార్షికోత్సవాలకూ పిలిచేవారు. వినోదమంతా ఫోనుల్లోకి వచ్చేశాక ఆ పిలుపులు తగ్గాయి. అప్పటినుంచి సంతల్లో, బస్టాండ్ల దగ్గర, రైల్వే స్టేషన్ల బయట, ఎక్కడ నలుగురు నిలబడితే అక్కడ ఆడిస్తున్నాను. ఇప్పుడు నాకు యాభై దాటాయి. కాసేపు నిలబడితే మోకాళ్లు సలుపుతాయి. సాయంత్రానికి గొంతు జీరపోతుంది. చిత్రమేమిటంటే పోయేది నా గొంతే. బొమ్మ గొంతు బాగానే ఉంటుంది.

ప్లాస్టిక్ వద్దని చెప్పడం నేను ఏ పుస్తకమూ చదివి మొదలుపెట్టలేదు. నిడదవోలుకు దగ్గర్లో మా బావమరిది కౌలుకు చేసే చేను ఉంది. ఒక సార్వా పంటకు నారు పోసిన కొద్ది రోజులకే గట్టి వాన కొట్టింది. నారుమడిలో నీళ్లు కదలడం లేదు. వెళ్లి చూస్తే మురుగునీళ్లు పోయే బోదె తూము నిండా కవర్లు, థర్మోకోల్ ప్లేట్లు, నీళ్ల ప్యాకెట్లు. ఇద్దరం మొలలోతు నీళ్లలో దిగి పొద్దుగూకేదాకా లాగాం. లాగినకొద్దీ వస్తున్నాయి. నారు ఎలాగూ కుళ్లిపోయింది. బావమరిది గట్టు మీద కూలబడి ఆ కుప్ప వైపు చూస్తూ, "ఇయ్యన్నీ మనూరి పెళ్లిళ్లు బావా. మనమూ తిన్నాంగా ఆ భోజనాలు" అన్నాడు.

మర్నాడు ఒక స్కూల్లో ఆట ఉంది. మామూలు జోకులు చెప్పబోతే నోట్లోంచి రాలేదు. బొమ్మ మాత్రం తూము సంగతి చెప్పింది. పిల్లలు ముందు నవ్వారు, తర్వాత నిశ్శబ్దంగా విన్నారు. ఆ నిశ్శబ్దం రుచి మరిగాను. అప్పటినుంచి ప్రతి ఆటలోనూ ఆ మాట ఉంటోంది.

మాట చెప్పేవాడు ఇంట్లో పాటించకపోతే ఎలాగని ఇంట్లోనూ మొదలుపెట్టాను. షాంపూ ప్యాకెట్లు మానేసి కుంకుడుకాయలు. గిన్నెలకు బూడిద, కొబ్బరిపీచు. నూనెకు క్యాను, కూరలకు గుడ్డ సంచులు, చేపలకు స్టీలు డబ్బా. వీధిలో నాకు 'కవర్ల మాస్టారు' అని పేరు పడింది. పరిశుభ్రత దినం పేరు చెప్పి ఏదో ఒక ఊళ్లో ఆఫీసువాళ్లు పిలుస్తుంటారు. ఒకసారి నా ఫొటోతో పెద్ద ఫ్లెక్సీ కట్టారు. ప్లాస్టిక్ వాడకండి అని దాని మీదే రాశారు. ఆ ఫ్లెక్సీ కిందే నిలబడి బొమ్మను ఆడించాను. ఎవరికీ తేడా తెలియలేదు. నాకు తెలిసింది గానీ, ఎండలో అంత దూరం వెళ్లాక పోట్లాడే ఓపిక లేక ఊరుకున్నాను.

నిడదవోలు స్టేషన్ బయట వారంలో రెండు మూడు సాయంత్రాలు ఆడిస్తాను. జంక్షన్ కావడంతో బండి మారేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. వాళ్లకు కాలక్షేపం కావాలి. అక్కడ ఒక టీ కొట్టు ఉంది. కొట్టాయన నా వయసువాడే, నెమ్మదస్తుడు. ఆట అయ్యాక టీ ఇచ్చి, డబ్బులివ్వబోతే "ఉండనివ్వండి మాస్టారూ" అనేవాడు. ఆయన కొట్టు ముందు డ్రమ్ము నిండి, కింద పొర్లి, పక్కన మురుగుకాలవ దాకా పేపరు కప్పులు పరుచుకుని ఉండేవి.

ఒక సాయంత్రం జనం బాగా ఉన్నారు. బొమ్మ కొట్టాయన వైపు తల తిప్పింది.

"బాబాయిగారూ, ఈ కప్పు కాగితమేనా అండి?"

ఆయన నవ్వుతూ తలూపాడు.

"మరి కాగితమైతే టీ పోస్తే నానిపోవాలి కదండి? లోపల నున్నగా మెరుస్తోందేంటండి?"

జనం నవ్వారు. నేను నవ్వుల మీద ఇంకో రెండు మాటలు వేశాను. ప్లాస్టిక్ పూత కరిగి టీలో కలిస్తే చక్కెర అక్కర్లేదా అనో ఏదో అనిపించాను. నవ్వు పెద్దదైంది. కప్పులు పట్టుకున్నవాళ్లు వాటి లోపలికి చూసుకున్నారు. ఒకాయన సగం తాగిన టీ పారబోశాడు. కొట్టాయన మాత్రం నవ్వలేదు. ఆ రోజు నాకు టీ ఇవ్వలేదు. ఆ తర్వాత కొన్నాళ్లు నన్ను చూసి మొహం తిప్పుకున్నాడు.

మళ్లీ ఒకరోజు వెళ్లేసరికి కొట్టు ముందు గాజు గ్లాసులు వరసగా బోర్లించి ఉన్నాయి. కప్పుల డ్రమ్ము లేదు. ఆయనే పిలిచి టీ పోసి, "మీ బొమ్మే గెలిచిందండి. ఇంట్లో మా అమ్మాయి కూడా అదే గోల. పోనీలెమ్మని తెచ్చేశాను" అన్నాడు.

ఆ టీ ఎంత బాగుందో చెప్పలేను. ఇన్నేళ్లుగా ఊరూరా అరుస్తుంటే నా కళ్లముందు మారిన మొదటి మనిషి ఆయన. తణుకులో, పిఠాపురంలో, ఎక్కడ ఆడినా ఆట చివర ఈ సంగతి చెప్పేవాడిని. నిడదవోలులో ఒక టీకొట్టాయన మారాడండీ, మీరెందుకు మారరూ అని బొమ్మ అడిగేది. చప్పట్లు బాగా పడేవి.

కొన్ని వారాలకు ఒక సాయంత్రం గోడకు ఆనుకుంటే చేతులకు సున్నం అంటి, కడుక్కుందామని కొట్టు వెనక్కి వెళ్లాను. అక్కడ గచ్చు మీద గొంతుక్కూర్చుని ఒకామె గ్లాసులు కడుగుతోంది. రెండు ప్లాస్టిక్ టబ్బులు, ఒక దాన్లో సబ్బునీళ్లు, ఒక దాన్లో మంచినీళ్లు. కడిగినవి ట్రేలో పెడుతుంటే లోపలినుంచి ఇంకో ట్రే వచ్చి పడుతోంది. ఎప్పుడన్నా పెందలాడే వచ్చిన రోజుల్లో ఆమెను చూశాను. కొట్టు ఊడ్చి, నీళ్లు తెచ్చి మధ్యాహ్నానికి వెళ్లిపోయే మనిషి. నలభై దాటి ఉంటాయి. నరసాపురం వైపు చేపలు పట్టుకునేవాళ్ల కుటుంబమని, పెళ్లయి ఇటు వచ్చిందని తర్వాత తెలిసింది.

నన్ను చూసి చేతులు ఆపింది.

"బొమ్మలాయన మీరేనాండి?"

"అవునమ్మా."

"ఆ బొమ్మని ఒకసారి ఇలా తీసుకురండి."

ముచ్చటపడి అడుగుతోందనుకున్నాను. బొమ్మను తెచ్చి చూపించాను. ఆమె దాని చెయ్యి పట్టుకుని తిప్పి చూసింది. చెక్కతో చేసి రంగు వేసిన చెయ్యి. తర్వాత తన చేతులు రెండూ చాచింది. నాని నాని తెల్లగా ముడతలు పడ్డాయి. వేళ్ల సందుల్లో తోలు ఊడి ఎర్రగా ఉంది.

"ఇది నోటికొచ్చింది మాట్లాడి పోయిందండి. దీనికేం, చెక్కచేతులు. ముందు మధ్యాన్నానికి ఇంటికెళ్లేదాన్ని. ఇప్పుడు చీకటిపడ్డా ఈ టబ్బుల దగ్గరే. జీతం అదే."

కోపంగా అనలేదు. ధర చెప్పినట్టు చెప్పింది. చెప్పి మళ్లీ గ్లాసుల్లో చెయ్యి పెట్టింది. నేను చేతులు కడుక్కోకుండానే వచ్చేశాను.

కొట్టాయన్ని అడిగాను. ఆయన పాలు పొంగకుండా గరిటె తిప్పుతూ విన్నాడు.

"గ్లాసులు పెట్టమన్నది మీరేనండి. ఇప్పుడు మళ్లీ మీరే వచ్చి ఇలాగంటే నేనేం చెయ్యనండి? ఇంకో మనిషిని పెట్టాలంటే టీ రేటు పెంచాలి. పెంచితే పక్క కొట్టుకెళ్లిపోతారు. అక్కడ కప్పులే."

"ఆమెకి జీతమన్నా కొంచెం..."

"చూద్దామండి" అన్నాడు. ఆ మాటకు అర్థం ఇద్దరికీ తెలుసు.

ఇంటికెళ్లి మా ఆవిడకు ఈ సంగతి చెప్పాను. ఆవిడ ఆ వేళ వాకిట్లో కూర్చుని కుంకుడుకాయలు కొడుతోంది. రాయి ఆపకుండానే, "ఏవండీ, మనింట్లో ఆ బూడిద పెట్టి గిన్నెలు తోముతోంది ఎవరనుకుంటున్నారు?" అంది.

నేను బొమ్మను అరుగు మీద పెట్టాను.

"మీరు సంచులు తెచ్చి పడేస్తారు. చేపల వాసన పోయేదాకా ఆ డబ్బా రుద్దేది నేను. సంచులు ఉతికేది నేను. మీ బొమ్మ ఎప్పుడన్నా ఆ మాట చెప్పిందా?"

ఇన్నేళ్లలో ఆవిడ ఎప్పుడూ వద్దనలేదు. ఒప్పుకుందనుకున్నాను. ఒప్పుకున్నదేమో కూడా. కానీ ఒప్పుకోవడం వేరు, అలిసిపోవడం వేరు. ఆ రెండూ ఒకే మనిషిలో ఉంటాయని నా గొంతు సంగతి చూసుకున్నా నాకు తెలిసి ఉండాల్సింది. ఆ రాత్రి గిన్నెలు నేను తోమాను. బూడిదతో నూనెజిడ్డు అంత తొందరగా వదలదు. నడుం పట్టేసింది. ఆవిడ గుమ్మంలోంచి చూసి, "అడుగున నల్లగానే ఉంది" అని లోపలికెళ్లి పడుకుంది.

తర్వాత నిడదవోలు వెళ్లిన రోజుల్లో ఆట మొదలెట్టక ముందు కొట్టు వెనక్కి వెళ్లి కూర్చోవడం అలవాటు చేసుకున్నాను. మొదటి రోజు టబ్బులో చెయ్యి పెట్టబోతే ఆమె గ్లాసు లాక్కుంది.

"వద్దండి. మీరు కడిగినవి మళ్లీ నేను కడుక్కోవాలి."

"మరి ఏం చెయ్యమంటావు?"

"ఏమీ చెయ్యద్దు. వెళ్లి ఆడించుకోండి."

నేను వెళ్లలేదు. కాసేపటికి ఆమె తల ఎత్తకుండానే, "ఆ టబ్బులో నీళ్లు మురికైపోయాయి, పారబోసి పట్టండి" అంది. అప్పటినుంచి నా పని అదే. నిండు టబ్బు ఎత్తడం, పారబోయడం, కుళాయి దగ్గర పట్టి తేవడం. నా మోకాళ్లు ఏడ్చేవి. ఆమె పెద్దగా మాట్లాడేది కాదు. ఒకసారి మాత్రం, "కూర్చుని చేసే పనయితేనేం, కాళ్లు తిమ్మిరెక్కి లేవలేకపోతున్నానండి. నిలబడి కడిగితే సగం బాధ ఉండదు" అంది.

ఆ మాట పట్టుకున్నాను. కొట్టాయన్ని వదలకుండా అడిగాను. చివరికి "మీ ఇష్టం, నా డబ్బులు మాత్రం పెట్టనండి" అన్నాడు. బావమరిదికి తాపీపని కొంచెం వచ్చు. ఎవరో ఇల్లు కట్టుకోగా మిగిలిన ఇటుకలు అడిగి తెచ్చాడు. పాత ఇనపసామాన్ల కొట్లో రెండు స్టీలు తొట్లు దొరికాయి. ఒక ఆదివారం ఇద్దరం కలిసి నడుం ఎత్తున గట్టు కట్టి, తొట్లు బిగించి, కుళాయి గొట్టం అక్కడిదాకా లాగాం. కట్టే ముందు బావమరిది ఆమెను పక్కన నిలబెట్టి, "ఎంతెత్తు కావాలమ్మా?" అని అడిగి గుర్తు పెట్టుకున్నాడు. కొట్టాయన చివర్లో వచ్చి చూసి, సిమెంటు డబ్బులు తనే ఇచ్చాడు.

మర్నాటి నుంచి ఆమె నిలబడి కడిగింది. చేతులు మాత్రం అలాగే ఉన్నాయి. కొబ్బరినూనె రాసుకుంటోంది. జీతం కొద్దిగా పెరిగిందని ఎవరో చెప్పారు. అడగడానికి నాకు మొహం చెల్లలేదు.

ఎండాకాలం పెళ్లిళ్ల రద్దీ వచ్చింది. బండి కదిలిపోతుంటే గ్లాసు పట్టుకుని ఎవరు పరిగెత్తగలరు? కొట్టాయన బండి ఎక్కేవాళ్లకు పేపరు కప్పులు మళ్లీ తెచ్చాడు. కూర్చుని తాగేవాళ్లకు గ్లాసులు. నన్ను చూసి సంజాయిషీ చెప్పబోయాడు. "పర్లేదండి" అన్నాను. నిజంగానే పర్లేదనిపించిందో, అలసటో నాకే తెలియదు. కప్పుల డ్రమ్ము మళ్లీ వచ్చింది గానీ సగమే నిండుతోంది. తూములోకి వెళ్లేవాటిలో ఆ సగం తగ్గినట్టే కదా అని లెక్క చెప్పుకున్నాను.

తణుకులో ఆట చివర ఎవరో అడిగారు: "నిడదవోలు టీకొట్టాయన సంగతి చెప్పరేంటి మాస్టారూ?" ఆ సంగతి ఇప్పుడు చెప్పాలంటే టబ్బులు, చేతులు, గట్టు, కప్పులు, అన్నీ చెప్పాలి. అంత పొడుగు కథకు జనం నిలబడరు. అయినా ఆ రోజు బొమ్మను కిందపెట్టి నా గొంతుతోనే చెప్పాను. చప్పట్లు పడలేదు. ముందు వరసలో పూలమ్మే ఒకావిడ మాత్రం చివరిదాకా విని, "గ్లాసులు కడిగినావిడకి జీతం పెంచారా అండి?" అని అడిగింది. కొద్దిగానమ్మా అన్నాను. ఆవిడ ఇంకేం అడగకుండా బుట్ట ఎత్తుకుని వెళ్లిపోయింది.

మొన్న నిడదవోలు వెళ్లేసరికి గట్టు దగ్గర వేరే మనిషి ఉంది. పాతామె తల్లికి ఒంట్లో బాగోక, చూసుకునేవాళ్లు లేక నరసాపురం వైపు వెళ్లిపోయిందట. చేపలు ఎండబెట్టే పనికి వెళ్తోందని కొట్టాయన చెప్పాడు. కొత్తామె పొట్టిగా ఉంది. ఆ గట్టు ఆమెకు ఎత్తు ఎక్కువ. కూల్‌డ్రింకు సీసాల క్రేటు ఒకటి బోర్లించి దాని మీద నిలబడి కడుగుతోంది. క్రేటు ఒక పక్కకు ఊగుతోంది.

ఒక ఇటుకముక్క వెతికి క్రేటు కింద దోపాను. ఊగడం ఆగింది. ఆమె నా వైపు ఒకసారి చూసి మళ్లీ పనిలో పడింది. బయట బండి వచ్చినట్టుంది, జనం గోల వినిపిస్తోంది. బొమ్మను చంకలో పెట్టుకుని ముందుకు వెళ్లాను.