గురి తప్పని గొడ్డలి

హన్మకొండలో చదివే రోజుల్లో మా ముగ్గురికీ ఆ ఆట పట్టుకుంది. కాగితం, పెన్సిల్, ఇరవై ముఖాల పాచిక. ఒకడు కూర్చుని ఒక లోకాన్ని చెబుతాడు. మిగిలినవాళ్లు ఆ లోకంలో ఒక్కో మనిషై తిరుగుతారు. కత్తి దూసినా, గోడ దూకినా, తెగిన చేతికి కట్టు కట్టినా, అది కుదిరిందో లేదో పాచిక చెబుతుంది; పెద్ద అంకె పడితే కుదిరినట్టు.

లోకం చెప్పేవాణ్ని నేను. చదువులయ్యాక నాకు చెల్పూరు కరెంటు ప్లాంటులో ఉద్యోగం వచ్చింది. ఆదివారం చెల్పూరులో బస్సెక్కి, రేగొండ మీదుగా హన్మకొండ చేరి, అక్కణ్ణుంచి జనగామ వెళ్లేవాణ్ని. జనగామలో మా మిత్రుడికి బండ్లు బాగుచేసే షాపు ఉంది. వాడిది తరిగొప్పుల. మూడో మనిషి మాకంటే రెండేళ్లు చిన్నది. మానుకోట పక్క తండాలో పుట్టి, మానుకోటలోనే దవాఖానలో నర్సుగా చేస్తోంది. మమ్మల్నిద్దరినీ అన్నా అని పిలుస్తుంది; మాకు ఆమె చెల్లె. షట్టర్ సగం దించి, పాత టైర్ల మీద ప్లైవుడ్ చెక్క పరిచి, మధ్యాహ్నమంతా ఆడేవాళ్లం.

నా రాజ్యంలో నేల కింద బొగ్గు ఆరకుండా మండుతూ ఉంటుంది. దాని ఊళ్లు, వాగులు, వంశాలు రాయడానికి నాకు ఏడాది పట్టింది. మొదటి రోజు రాజు నోట గ్రాంథికం పలికిస్తే మిత్రుడు పడీపడీ నవ్వాడు. “నీ రాజుకు మన మాట రాదారా? సినిమాల జమీందారు లెక్క మాట్లాడ్తుండు.” ఆ రాత్రే రాజు మాటలన్నీ మార్చి రాశాను. ఆ లోకమంటే నాకు అంత ఇష్టం.

వాడి పాత్ర ఒక యోధుడు. చెల్లెది వైద్యురాలు.

ఒకసారి, బండి ఆలస్యంగా ఇచ్చాడని ఒకడు నలుగురిని వెంటేసుకుని షాపుకొచ్చాడు. మా వాణ్ని రోడ్డు మీదికి ఈడ్చి, చెంపలు వాయించి, కింద పడేసి కడుపులో తన్నారు. బజారంతా చూసింది. వీడు చెయ్యెత్తలేదు. తర్వాతి ఆదివారం పెదవికి కుట్లతో ఆటకు కూర్చున్నాడు. ఏమడిగినా తలే ఊపాడు.

అప్పటికప్పుడు కథలో ఒక గుహ పుట్టించి, అందులో వాడి యోధుడికి ఒక గొడ్డలి దొరికేలా చేశాను. దానికి పాచిక అక్కర్లేదు. గురి తప్పదు. తగిలినవాడు బతకడు.

గుహ బయట నలుగురు దొంగలు అడ్డమొచ్చారు. వాడు లేచి నిలబడ్డాడు.

“మొదటోనికి మెడ మీద. రెండోడు ఉరుకుతుండా? ఈపుల దిగాలె. మూడోడు దండం పెట్టినా ఇడువ.”

నాలుగోవాణ్ని ఎలా నరికాడో చెబుతుంటే వాడి పెదవి కుట్టు దగ్గర నెత్తురు చిమ్మింది. తుడుచుకోలేదు. చెల్లె, నేను చప్పట్లు కొట్టాం.

ఆ తర్వాత వాడు ఆగలేదు. కోట ద్వారం దగ్గర పేరడిగిన కాపలావాడి తల ఎగిరింది. వాగు దగ్గర పడవవాడు, “జర ఆగు బిడ్డా, అవతలి ఒడ్డుకు ముసలామె ఉన్నది, ముందు ఆమెను తీస్కొస్త” అన్నాడు. మా వాడు వాణ్ని పడవలోనే రెండు ముక్కలు చేశాడు. నెలల తరబడి నేను రాసిన ఊళ్లు ఒక్కో ఆదివారం ఒక్కొక్కటిగా శవాల దిబ్బలయ్యాయి.

నేనూ పంతానికి పోయాను. వాడి కంటే బలమైనవాణ్ని తేవాలనుకున్నాను. ఇనుప చర్మం రాక్షసుణ్ని తెచ్చాను, నరికాడు. మూడు తలల పామును తెచ్చాను, మూడూ నరికాడు. చివరికి ఒక సైన్యాన్ని దించాను. రెండు గంటలపాటు నరకడం తప్ప మరో మాట లేదు. పేగులు, ఎముకలు, మోకాళ్ల లోతు నెత్తురు. చెల్లె పెన్సిల్ కింద పెట్టింది.

“నాకేం పని లేదన్నా. ఈన కొట్టినోళ్లంత సచ్చిపోతనే ఉండ్రు. నేనెవరికి మందియ్యాలె?”

తర్వాతి వారం నేను తప్పు చేశాను. పాచిక ఎదుటివాళ్లకు కనబడకుండా ముందు ఒక క్యాలెండరు అట్ట నిలబెట్టుకుంటాను. ఒక మంత్రగాడు మాయతో గొడ్డలిని మొద్దుబార్చాడని చెప్పి, ఆ మంత్రగాడి రాక్షసుడు యోధుడి మీద పడ్డట్టు కథ నడిపాను. అట్ట వెనక పాచిక నాలుగు చూపించింది. దెబ్బ తగలనట్టే లెక్క. నేను పైకి “ఇరవై” అన్నాను, అంటే తిరుగులేని దెబ్బ.

“రాక్షసుడు నీ కుడిచెయ్యి మెలిపెట్టి ఇరగ్గొట్టిండు. బొక్క తోలు చీల్చుకొని బయటికొచ్చింది. గొడ్డలి కింద పడ్డది.”

వాడు నా కళ్లలోకి చూసి, అట్టను లాగేశాడు. పాచిక మీద నాలుగు అలాగే ఉంది.

మొదటి గుద్దు ముక్కు మీద పడింది. రెండోదానికి వెనక్కి పడ్డాను. వెనక నిలబెట్టిన బండి ఫుట్‌రెస్టు కనుబొమ్మను చీల్చింది. వాడు నా ఛాతీ మీద కూర్చుని కొడుతూనే ఉన్నాడు. నేనూ వాడి చెంపలు గీరాను, వేలు కొరికాను. నా కంట్లోకి నెత్తురు కారి షాపంతా ఎర్రగా కనిపించింది. చెల్లె వాడి కాలరు పట్టి వెనక్కి గుంజింది.

“నువ్వు గూడ నన్ను కొట్టిస్తవారా?” అని అరిచాడు వాడు. “ఆ దినం రోడ్డు మీద నా చేతులు లేవలే. గీ ఒక్క జాగల లేస్తున్నయ్. గీడ గూడ ఇరగ్గొడ్తవా?”

చెల్లె తన చున్నీని నా కనుబొమ్మకు అదిమి, మా ఇద్దరినీ ఒకే ఆటోలో దవాఖానకు తీసుకెళ్లింది. నాకు అయిదు కుట్లు పడ్డాయి. వాడి వేలికి కట్టు కట్టారు.

రెండు నెలలు ఆట లేదు. ఆ రెండు నెలలూ నేను నా రాజ్యం పటం ముందేసుకుని కూర్చున్నాను. నా లోకంలో రాళ్లకూ రాజులకూ చరిత్ర రాశాను గానీ, పడవవాడికి ఇల్లు రాయలేదు. వాడు చావడానికే పుట్టినట్టు నిలబడ్డాడు. అలాంటివాణ్ని నరికినవాణ్ని ఏమనగలను?

చివరికి చెల్లె ఇద్దరికీ ఫోన్ చేసి మానుకోట రమ్మంది. వాడు రైలు దిగి నేరుగా ఆమె గదికి వచ్చాడు. నా కనుబొమ్మ మచ్చను చూశాడు.

“గొడ్డలి గుంజుకుంటవా?”

“లేదు. నీతానే ఉంటది.”

ఆ అబద్ధపు దెబ్బను కొట్టేసి, కథ మళ్లీ వాగు ఒడ్డున మొదలుపెట్టాను. పడవ ఉంది, నడిపేవాడు లేడు. అవతలి ఊళ్లో జ్వరాలు. వైద్యురాలు దాటలేకపోతోంది. పడవవాడి భార్య చెక్క మీద ఎండిన నెత్తురును ఇసుకతో రుద్దుతోంది.

యోధుడు తెడ్డు పట్టాడు. ఇక్కడ పాచిక వేయక తప్పదు. రెండు పడింది. పడవ గిర్రున తిరిగింది. మళ్లీ వేశాడు, అయిదు. అంత బలమున్నవాడు నడి వాగులో నిలిచిపోయాడు. అవతలి ఒడ్డున ఒకరు చనిపోయారని చెప్పాను. చెల్లె తలెత్తలేదు. ఒడ్డు చేరేసరికి మరో ఇద్దరు పోయారు.

“తెడ్డెయ్యుడు నేర్పమని పడవోని పెండ్లాన్ని అడుగుత,” అన్నాడు వాడు మెల్లగా.

“నేర్పదు. ఆమె పెనిమిటిని నువ్వే సంపినవ్.”

వాడి మొహం పాలిపోయింది. సాయంత్రం రైలుకు ముందు, “వచ్చే వారం ఏడ ఆడుదాం?” అని మాత్రం అడిగాడు.

ఇప్పటికీ ఆడుతున్నాం. నెత్తురు తగ్గలేదు. మొన్న వాగు ఒడ్డు ఊరిని తగలబెట్టిన ముఠా నాయకుడు యోధుడికి చిక్కి, బురదలో మోకాళ్ల మీద కూలబడ్డాడు. మా వాడు గొడ్డలెత్తి ఆగాడు.

“వీనికి ఎవరన్న ఉన్నరా?”

“తల్లి ఉన్నది. నడిస్తే రెండు దినాల దూరం.”

వాడు చెల్లె వైపు చూశాడు. గొడ్డలిని మెడ మీదికి దించాడు. నాయకుడి తల బురదలో పడింది. తర్వాత శవాన్ని దుప్పట్లో చుట్టి భుజానికెత్తుకున్నాడు.

“వీని తల్లి కాడికి తొవ్వ చెప్పు,” అన్నాడు.