పత్తికి కొట్టే బోరాన్

మా అన్నకు తలలో గడ్డ. కర్నూలులో ఒకసారి కోసి తీసినా మళ్లీ పెరిగింది. ఇక చేసేదేమీ లేదని డాక్టర్లు చేతులెత్తేశారు. ఆయనది ఎమ్మిగనూరు పక్క పల్లెలో పత్తి సేద్యం. నేను ఆదోనిలో ఫిజిక్స్ లెక్చరర్‌ని. చెప్పే జబ్బు నాది. అడిగినా చెప్తాను, అడక్కపోయినా చెప్తాను.

ఒక ఆదివారం ఊరికి పోయినప్పుడు, న్యూట్రాన్లతో చేసే వైద్యం గురించి చదివిందంతా ఆయన ముందు కుమ్మరించాను. న్యూట్రాన్లను పట్టుకునే పదార్థాన్ని ముందు గడ్డలోకి పంపాలి, తర్వాత బయటి నుంచి న్యూట్రాన్లు వదలాలి అన్నాను. ఎరువుల అంగట్లో రెండు డబ్బాలు ముందు పెట్టుకుని బేరమాడినట్టే అడిగాడు అన్న.

"ఏమేముండాయిరా? ఏది గట్టిగా పనిచేస్తాది?"

"బోరాన్, గడోలినియం. పట్టుకునేదాంట్లో గడోలినియమే మొనగాడు. కానీ దాని కిరణాలు దూరం పోతాయి, పక్కనుండే మంచి కణాలకూ దెబ్బ. బోరాన్ అట్ల కాదన్నా. యా కణంలో ఉంటే ఆ కణాన్నే సంపుతాది."

"అంటే కలుపును సంపి పైరును ఇడుస్తాది."

నా క్లాసులో ఏనాడూ ఎవరూ అంత చక్కగా చెప్పలేదు. పొంగిపోయాను. ఆ బోరాన్‌ను వేరే మందుగా తయారుచేసి ఎక్కిస్తారనీ, ఆ వైద్యం మనకు అందేచోట లేదనీ చెప్పలేదు. ఎన్నో నెలల తర్వాత ఆయన ముఖం తేటపడింది, చెడగొట్టబుద్ధి కాలేదు.

నాలుగో రోజు పొద్దున వదిన ఫోన్ చేసింది. "మీయన్న ఒకటే వాంతులు సేసుకుంటాండాడప్పా. నిలబడలేకపోతాండాడు, తొందరగా రా."

పోయి చూస్తే మంచం కింద బోరాన్ పొట్లం, పూత, గూడ రాలకుండా పత్తికి కొట్టేది. సగం ఖాళీ. మూడు రోజులుగా మజ్జిగలో కలుపుకుని తాగుతున్నాడట. చేనికి కొట్టేటప్పుడు చెంచా కూడా ఎక్కువ వేయని మనిషి.

ఆదోని ఆసుపత్రిలో సెలైన్ ఎక్కుతుంటే కళ్లు తెరిచాడు. తిట్టాలని నోటిదాకా వచ్చింది. ఎవర్ని తిట్టాలి? సగం చెప్పి ఊరుకున్నది నేను.

అన్న నా చెయ్యి పట్టుకున్నాడు.

"కక్కినా కొంచెమన్నా లోపల నిలిచింటాది లేరా. ఇంగ ఆ న్యూట్రాన్లు యాడ కొడతారో సెప్పు, పోదాం."

అప్పుడు కూడా నిజం చెప్పలేకపోయాను. డాక్టరును అడిగొస్తానని బయటికి వచ్చి, మెట్ల మీద కూలబడి ఏడ్చాను.