బక్రీదు సెలవుల్లో దేశం దాటినప్పుడు

"పాలు తాగే పిల్లను నీకిచ్చి నేనొక్కదాన్ని విమానమెక్కాల్నా? ఎట్లంటవే అమ్మా గా మాట?"

"ఏమన్న పరాయిదానికిస్తున్నవా? వచ్చిన నాటి సంది తానం పోసింది నేను. ఉగ్గు తినిపించింది నేను. నువ్వు డ్యూటీకి పోయి చీకటి పడ్డంక వస్తివి."

"పోయిన. సోకుకు పోయిన్నా?"

"సోకుకని నేనన్ననా? కొలువు నిలవాలంటే పిల్ల నాతోని ఊరికి రావాలె. గంతే. మీ ఆయనకు చెప్పి టికెట్టు తీయుమను."

"తీయనియ్య."

అల్మాటీ అనే ఊళ్లో, అద్దెకు తీసుకున్న చిన్న గదిలో, నా కూతురూ నేనూ ఇలా మాటకు మాట అనుకుంటున్నాం. పాప మంచం మీద బోర్లాపడి దుప్పటి అంచు చప్పరిస్తోంది. బయట ఇంకా వెలుతురు ఉంది. ఆ దేశంలో ఎండాకాలం పొద్దు ఒక పట్టాన గుంకదు. తెల్లవారితే కూతురికీ పాపకూ షార్జా విమానం. నాకూ అదే విమానంలో సీటు ఉంది గానీ, నా వీసా రాలేదు. వీసా లేనిదే నన్ను ఎక్కనివ్వరు. నేను ఢిల్లీ మీదుగా ఇంటికి పోవాల్సిందే. తేలవలసింది ఒక్కటే: ఆరు నెలల పాప నాతో వస్తుందా, తల్లితో పోతుందా.

అజ్మానైనా షార్జా అయినా మా ఊళ్లో అన్నిటినీ దుబాయ్ అనే అంటాం. నా కూతురి కాపురం అజ్మాన్‌లో, ఉద్యోగం జెబెల్ అలీ ఫ్రీ జోన్‌లో. అక్కడ ఓ పెద్ద గోదాములో లెక్కలు చూస్తుంది. కంపెనీ బస్సు కోసం తెల్లవారకముందే మెట్లు దిగిన మనిషి తిరిగి తలుపు తట్టేసరికి వీధి దీపాలు వెలిగేవి. అల్లుడు రువైస్‌లో, ఎడారి ఆ చివర, ప్లాంటులో మెకానిక్. వారానికి ఒకసారి ఇంటికి వస్తే వచ్చినట్టు. అద్దెలు తక్కువని అజ్మాన్‌లో ఇల్లు చూసుకున్నారు. అది నేను మెచ్చుకున్న పని. చంటిపిల్లను చూసుకునే మనిషి ఎవరని ముందుగా ఆలోచించకపోవడం నేను మెచ్చుకోని పని. బాలింత సెలవు అయిపోయి కూతురు డ్యూటీకి ఎక్కాల్సిన రోజు దగ్గరపడ్డాక నన్ను విజిట్ వీసా మీద పిలిపించారు.

నేను నాలుగో తరగతి దాకా చదివాను. బీడీలు చుట్టి ఈ పిల్లను బీకాం చదివించాను. కనుక దాని ఉద్యోగం నాకు చిన్న విషయం కాదు. అజ్మాన్‌లో నా పద్ధతులు నేను పెట్టుకున్నాను. మధ్యాహ్నం ఒక్క గదిలోనే ఏసీ. పాప స్నానం చేసిన నీళ్లు బాత్రూం కడగడానికి. స్నానం కాగానే పాపకు సాంబ్రాణి పొగ వేస్తే, గోడ మీది గంట మొత్తుకుని, వాచ్‌మన్ మెట్ల మీద పరుగెత్తుకొచ్చాడు. "అమ్మా, మంటలు లేవు గదా!" అని ఇల్లంతా వెతికాడు. ఆ రోజు నుంచి కిటికీ తెరిచి వేశాను గానీ మానలేదు.

మా కింది అంతస్తులో రాయచోటి వైపు ముస్లిం ఆమె ఒకరు ఉండేది. డ్యూటీలకు పోయేవాళ్ల పిల్లలను డబ్బు తీసుకుని చూసేది. అందరూ ఖాలా అంటారు. కూతురు మొదట పాపను ఆమె దగ్గరే పెడదామంటే నేను వెళ్లి చూసొచ్చాను. ఒక్క చాప మీద నలుగురు పిల్లలు, ఎదురుగా టీవీ. "నేనుండంగ గీడ పెట్టేది లేదు" అని తేల్చేశాను. కూతురు ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

నా వీసా గడువు దగ్గరపడింది. ఆ రోజుల్లో దేశంలో ఉండగానే వీసా మార్చుకోవడం కుదరలేదు. బయటికి పోయి, కొత్త వీసా మీద తిరిగి రావాలి. కొందరు బస్సులో ఒమన్ సరిహద్దు దాకా పోయి వచ్చేవాళ్లు. నా ఒక్కదానితో అది అయ్యే పని కాదు. కూతురు తోడు రావాలంటే సెలవు కావాలి. పాపకు జ్వరం వచ్చినప్పుడు రెండుసార్లు ఆగిపోయినందుకు దాని ముదీర్, అంటే పై ఆఫీసరు, ఇంకోసారి ఇలా అయితే వేరే మనిషిని చూసుకుంటానని అందరి ముందూ అన్నాడట. అందుకని, బక్రీదుకు ఆఫీసు ఎలాగూ మూస్తారు, ఒక్క రోజు డ్యూటీ పోకుండా అప్పుడే పోయి వద్దామని నేనన్నాను. పిల్ల పుట్టాక నా కూతురు డ్యూటీకి తప్ప ఇల్లు కదిలింది లేదు. ఖర్చు పెట్టి దేశం దాటాక ఎయిర్‌పోర్టులో కూర్చుని రావడం కంటే చల్లని చోటు ఏదైనా చూసి రావచ్చని కూడా అన్నాను. అది కజకిస్తాన్ పేరు చెప్పింది. వీసా ఏజెంటును అడిగితే, "మీరు ఆడ దిగేవరకు వీసా వాట్సాప్‌ల ఉంటది అమ్మా. అంతా ఆన్‌లైనే. ఖలాస్" అన్నాడు.

దిగాం. వాట్సాప్‌లో ఏమీ లేదు.

మొదటి రోజు వ్యాను డ్రైవరు మమ్మల్ని లావెండర్ తోటకు తీసుకుపోయాడు. పెద్దాయన. మన మాట రాదు, ఫోనులో మాట్లాడితే ఫోను హిందీలో చెప్పేది. నేలంతా ఊదారంగు. చాళ్లు చాళ్లుగా, మన దగ్గర పసుపు వేసినట్టు, కొండ అడుగు దాకా పోయాయి. కొత్త సబ్బు బిళ్ల కాగితం విప్పినప్పటి వాసన. అజ్మాన్‌లో కిటికీ తెరిస్తే ముఖానికి కొట్టే వేడి గాలి తప్ప కొన్నాళ్లుగా ఏదీ ఎరగని పాప, ఆ చల్లగాలికి నోరు తెరిచి మింగుతున్నట్టు చేసింది. డ్రైవరు మా ముగ్గురికీ ఫోటో తీశాడు. ఆ ఫోటోలో పాప ఒక్కతే పూలను చూస్తోంది. కూతురు తన ఫోనును చూస్తోంది, నేను కూతుర్ని చూస్తున్నాను. అప్పుడే టింగుమంది. ఏజెంటు నుంచి. మసీదు బొమ్మ, పక్కన పొట్టేలు, ఈద్ ముబారక్. అంతే.

"పండుగ గదా అమ్మా. రేపు చేస్తడేమో."

"రేపు మాత్రం పండుగ గాదా?" అన్నాను. దాని ముఖంలో రంగు మారడం చూశాను. అప్పటిదాకా మా ఇద్దరిలో ఎవరికీ తట్టలేదు. దాని ఆఫీసుకు సెలవైతే వీసా ఆఫీసుకు మాత్రం సెలవు కాదా?

మర్నాడు కోల్సాయ్ అనే చెరువుకు. చాలా దూరం. పోనుపోను దేవదారు చెట్ల లోయలు, పైన మంచు. బండి ఆగిన చోటి నుంచి నీటి దాకా మెట్ల దారి ఉంది. కూతురు దిగనంది.

"గీడ ఒక్క గీత సిగ్నలున్నది. కిందికి పోతే అదీ ఉండది. నువ్వు పోయిరా."

"గింత దూరమొచ్చి చెరువు చూడవా? బండి కిరాయి ఇచ్చుకొని ఫోన్ చూసెతందుకు వచ్చినవా?"

"నీ వీసా కోసమే చూస్తున్న."

నేను పాపను కొంగుతో నడుముకు కట్టుకుని దిగాను. నీళ్లు కొత్త గాజు రంగులో ఉన్నాయి. అంత లోతున రాళ్లు లెక్కపెట్టవచ్చు. ఒడ్డున కూర్చుని ఒక చుక్క పాప పాదానికి రాస్తే ఉలిక్కిపడి కాలు ముడుచుకుంది. ఎదురుగా కొండ, నీళ్లలో కొండ. నాకు బాగుందని అనిపించింది, అబద్ధం చెప్పను. కానీ తల ఎత్తినప్పుడల్లా పైన రెయిలింగు దగ్గర అది ఫోను చేత పట్టుకుని అటూ ఇటూ తిరగడమే కనిపించింది. తిరిగి ఎక్కేసరికి అది బండిలో కూర్చుని ఉంది.

"వచ్చిందా?"

"మెసేజొచ్చింది. ఇమిగ్రేషన్ బందట. సెలవులైనంక చూద్దామన్నడు."

సెలవులు అయ్యేది మా విమానం వెళ్లాకే. ఆ తర్వాత ఎన్నాళ్లకు వస్తుందో ఏజెంటు చెప్పలేదు. దాని డ్యూటీ మాత్రం ఆగదు.

మూడో రోజు గడ్డి మైదానం. పైన, కొండల మధ్య, చెట్టనేది లేకుండా చదునుగా ఎంత దూరమైనా గడ్డే. గుర్రాల మందలు, గొర్రెలు, తెల్లటి గుండ్రని గుడారాలు. ఒక గుడారం ముందు నా ఈడు మనిషి కట్టె తొట్టెలో పసివాణ్ని ఊపుతోంది. మాకు గిన్నెలో గుర్రం పాలు పోసి ఇచ్చింది. నేను వద్దన్నాను, కూతురు ఒక గుక్క తాగి ముఖం చిట్లించింది. ఆ ముసలామె పాప వైపు, మా ఇద్దరి వైపు వేలు తిప్పి, ఎవరి పిల్ల అన్నట్టు అడిగింది. నేను నా గుండె మీద చెయ్యి వేసుకున్నాను. ఎత్తుకున్నది నేనే గదా. కూతురు ముందుకొచ్చి పాపను నా చేతుల్లోంచి తీసుకుంది. తిరుగు దారంతా పాప దాని ఒళ్లోనే ఉంది.

ఇక ఆ సాయంత్రం, అల్మాటీ గది.

"సెలవులల్ల పోదామన్నది ఎవరు?" అంది.

"కజకిస్తానన్నది ఎవరు? ఒమన్ పోతే గీ లొల్లి ఉంటుండెనా?"

"ఒమన్ల మాత్రం బక్రీదు లేదా అమ్మా?"

అల్లుడికి ఫోను చేసి స్పీకర్‌లో పెట్టమన్నాను. పెట్టింది.

"అత్త చెప్పేది కరెక్టే" అన్నాడు అల్లుడు. "ఓ ఏడాది ఊర్ల ఉండనీ. అత్త మంచిగ చూసుకుంటది. మనసొంటోళ్ల పిల్లలందరు గట్లనే పెరుగుతున్నరు."

"నువ్వు గట్లనే పెరిగినవ్. మీ నాయిన దుబాయ్ నుంచి వస్తే నువ్వేం చేసినవో మీ అమ్మ నాకు చెప్పింది. కోళ్లగూడు ఎనుక దాసుకున్నవట. ఎవలో దొంగ వచ్చిండని."

అల్లుడి వెనుక ఏదో మిషను తిరుగుతున్న చప్పుడు వినిపించింది.

"మరి డ్యూటీ దినం పిల్లనెవరు చూస్తరు?" అన్నాడు తర్వాత, మెల్లగా.

"ఖాలా."

"నేనొప్పుకోను" అన్నాను.

అది నాకేసి చూడకుండానే మొగుడి ఫోను పెట్టేసి, స్పీకర్‌లోనే ఖాలాకు కలిపింది.

"తీసుకురామ్మా, నేను లేనా?" అంది ఆమె అంతా విని. "తెల్లారుజామున నమాజుకు ఎట్లాగూ లేస్తా. ఎంత పొద్దున అయినా ఇచ్చిపో. మీ అమ్మ ఒప్పుకునిందా?"

"ఒప్పుకోలే."

"ఆమెకియ్యి ఫోను."

తీసుకున్నాను.

"ఏం పెద్దమ్మా, నా మింద అంత కోపమేంది మీకు?"

"కోపం గాదు. నీ తాన ఎంతమంది పిల్లలున్నరు?"

"నలుగురుండ్య. పెద్దోళ్లిద్దరూ సెలవులకు ఊరికి పోయినారు. ఇప్పుడు ఇద్దరే."

"టీవీ?"

"మీ పాప మేలుకోనుంటే ఆర్పేస్తాలే."

"ఉగ్గు ఎట్ల కాస్తవ్?"

"మీరెట్ల జెప్తే అట్ల. ముగ్గురిని కన్నదాన్ని పెద్దమ్మా, నాకు తెల్దా ఏమి?"

తప్పు పట్టడానికి ఆమె మాటల్లో నాకేమీ దొరకలేదు. ఫోను తిరిగి ఇచ్చేశాను.

అల్లుడి నుంచి మెసేజ్ వచ్చింది. నాకు ఢిల్లీ టికెట్టు తీశాడట. పాపకు కూడా తీయాలా వద్దా, త్వరగా చెప్పమన్నాడు. కూతురు నాకు చదివి వినిపించింది. వినిపించి, వద్దు అని రాసింది.

"గా ముదీర్ మళ్ల ఒర్రితే?" అన్నాను.

"పడ్త."

"కొలువు పోతే?"

"ఇంకోటి చూస్కుంట. పిల్ల మాత్రం నా తాన్నే ఉంటది. గుడారం కాడ గా ముసలామె అడిగితే నీ గుండె మీద చెయ్యేసుకున్నవ్. నేను చూడలేదనుకున్నవా?"

"ఎత్తుకున్నందుకు ఏసుకున్న."

"ఏడాది ఎత్తుకుంటే అదీ నిన్నే చూపిస్తదమ్మా."

నేను లేచి సంచులు విడదీయడం మొదలుపెట్టాను. పాప బట్టలు దాని సంచిలోకి, నా చీరలు నా సంచిలోకి. చేతులు పని చేస్తుంటే నోరు ఆగలేదు.

"నీ ఇష్టం. రేపు పిల్లకు జరమొస్తే నాకు ఫోన్ చేయకు."

"చేస్త. ఎత్తకపోతే మళ్ల చేస్త."

తెల్లవారింది. కూతురు లేవగానే ఫోను చూసింది. వీసా రాలేదు. డ్రైవరు వచ్చి సంచులు మోశాడు. ఎయిర్‌పోర్టులో షార్జా వరుస పొడుగ్గా ఉంది, సెలవులు ముగించుకుని తిరిగిపోయేవాళ్లు. ఢిల్లీ పోతున్న భార్యాభర్తలను కూతురు వెతికి పట్టుకుని, నన్ను చూపించి, ఢిల్లీలో హైదరాబాదు విమానం దాకా తోడుండమని హిందీలో బతిమాలింది. వాళ్లు సరేనన్నారు. ఉగ్గుకు బియ్యం ఎంత వేయించాలో, పెసరపప్పు ఎంత కలపాలో దానికి మరోసారి చెప్పాను. "ఎరికే అమ్మా" అంది. పాప దాని భుజం మీద నిద్రపోతోంది. లేపబోతే నేనే వద్దన్నాను. వాళ్లిద్దరూ తనిఖీ దాటి లోపలికి వెళ్లిపోయారు. నా విమానానికి ఇంకా పొద్దుంది. ఆ భార్యాభర్తల పక్క కుర్చీలో కూర్చుని, గదిలో మిగిలితే తెచ్చుకున్న రొట్టె తిన్నాను.